మా గేటు దాటి వెళ్లిపోయారు, చందా మాత్రం అడగలేదు

గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి ఒక సోదరి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వేయడం లేదు.

ఆవిడకు 51 ఏళ్లు. సొంతూరు విజయవాడ. భర్త బ్యాంకు ఉద్యోగం నుంచి ముందే రిటైరయ్యారు. కొడుకు బెంగళూరులో ఉంటాడు. పట్నం హోరుకు దూరంగా, ఏటి ఒడ్డున కాస్త నేల కొనుక్కుని ఉండాలన్నది ఆయన ఎప్పటి నుంచో చెబుతున్న మాట. మూడేళ్ల కిందట, బరంపురంలో స్థిరపడిన ఒకాయన దగ్గర 2 ఎకరాల 40 సెంట్ల భూమి, అందులోని పాత పెంకుటిల్లు కొన్నారు. ఇల్లు బాగు చేయించుకున్నారు. మామిడి, కొబ్బరి మొక్కలు వేశారు. 82 ఏళ్ల అత్తగారు వీళ్లతోనే ఉన్నారు. ‘ఊళ్లో అందరూ తెలుగువాళ్లే, ఒడిశా అయితే మాత్రం ఏం అనుకుని ధైర్యంగా వచ్చాం’ అని రాశారు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో వేసవిలో పశువులు పడి మొక్కలు తినేశాయి. దాంతో సిమెంటు స్తంభాలు పాతించి చుట్టూ ముళ్లకంచె వేయించారు, ఇనుప గేటు పెట్టించారు. ఆ భూమి అంచున ఏటికి వెళ్లే కాలిదారి ఒకటి ఉండేది. కంచెతో అది మూసుకుపోయింది. అప్పటి నుంచి ఆడవాళ్లు చుట్టూ తిరిగి ఏటికి వెళ్తున్నారు. ఈవిడ ఊరి పిల్లలకు సాయంత్రం పూట ఉచితంగా తెలుగు చెప్పడం మొదలుపెట్టారు. పదకొండు మంది వచ్చేవారు. మూడు నెలలు తిరిగేసరికి అందరూ రావడం మానేశారు. ఈ వేసవిలో గ్రామదేవత సంబరం జరిగింది. చందాలకు బయల్దేరిన కుర్రాళ్లు ఇంటింటికీ వెళ్లి, వీళ్ల గేటు ముందు ఆగకుండా వెళ్లిపోయారు. సంబరం రెండో రాత్రి ఒంటిగంట దాటినా మైకు ఆగలేదు. భర్త పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్లొచ్చి మైకు తీయించారు. తెల్లారి లేచి చూస్తే కంచె రెండుచోట్ల తెగి ఉంది. ఇప్పుడు తోటలో పనికి ఒక్క కూలీ కూడా రావడం లేదు.

‘మా ఆయన కేసు పెడదాం అంటారు. లేదంటే వచ్చిన ధరకు అమ్మేసి పోదాం అంటారు. నాకు రెండూ ఇష్టం లేదు. అక్కా, మేం ఎవరి సొమ్మూ తినలేదు. ఎవరినీ ఒక మాట అనలేదు. మా డబ్బుతో కొనుక్కున్న నేలకు కంచె వేసుకున్నాం. ఇంత కోపానికి మేం చేసిన తప్పేమిటి? ఇంతకీ నన్ను బాధపెట్టింది కంచె తెగడం కాదు. చందా అడగకుండా వెళ్లిపోయారు చూడండి, ఆ రోజు రాత్రంతా ఏడ్చాను.’

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరు అసలు సంగతిని సరిగ్గా పట్టుకున్నారు. మన పల్లెల్లో చందా అంటే డబ్బు ఒక్కటే కాదు. చందా పుస్తకంలో ఇంటి పేరు రాస్తే ఆ ఇల్లు ఊరి లెక్కలోకి వచ్చినట్టు. చందా ఇవ్వని ఇంటి మీద ఊరికి కోపం ఉంటుంది. అడగని ఇంటితో మాత్రం ఊరికి సంబంధమే లేదని అర్థం. మీకు తగిలిన దెబ్బ చిన్నదని నేను అనను.

నేను పాతపట్నంలో పుట్టి పర్లాకిమిడి కోడలిగా వచ్చాను. ఏటికి ఆ ఒడ్డున ఆంధ్ర, ఈ ఒడ్డున ఒడిశా. అక్కడి మనుషుల మాట, పట్టింపు, మౌనం అన్నీ నాకు కొంత తెలుసు. అందుకే మీరు అడిగిన ‘మా తప్పేమిటి’ అన్న ప్రశ్నకు దాటవేయకుండా జవాబు చెబుతాను. కంచె తెంచినవాళ్లది తప్పు. అందులో నాకు రెండో మాట లేదు. అయితే అంతకుముందు మూడు విషయాల్లో మీకు తెలియకుండానే ఆ ఊరికి ఒకే మాట చేరింది. దారి మూశారు, పిల్లల మాట దిద్దారు, మైకు తీయించారు. వీటిలో ఏదీ మీరు చెడు ఉద్దేశంతో చేయలేదు. కానీ మూడూ కలిసి ‘ఇన్నాళ్లూ మీరు బతికిన పద్ధతి సరికాదు’ అన్నట్టు వాళ్లకు వినిపించాయి.

ముందు పిల్లల సంగతి చెబుతాను. మీరు కొద్ది మాటల్లో రాసి వదిలేశారు కానీ నాకు అన్నిటికన్నా లోతైన గాయం అక్కడే కనిపించింది. ఎనిమిదేళ్ల పాప ఒకతె పలక పట్టుకొచ్చి ‘నాను రాసీసినాను టీచరమ్మా’ అంటే, ‘నాను కాదు, నేను. రాసీసినాను కాదు, రాసేశాను’ అని మూడుసార్లు అనిపించారు. నాలుగోసారి పాప తల దించుకుంది. ఆ మర్నాటి నుంచి రాలేదు. తర్వాత దారిలో కనిపిస్తే మీతో ఒడియాలో మాట్లాడిందని మీరే ఆశ్చర్యంగా రాశారు.

ఆ పాప వైపు నుంచి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, దాని చుట్టుపక్కల ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులోకి వెళ్లింది. ఆ ఊరి మనుషులు ఎక్కడికీ కదల్లేదు. వాళ్ల కాళ్ల కింద రాష్ట్రం మారింది. ఇవాళ ఆ పాప బడిలో చదివేది ఒడియా, ఎక్కాలు చెప్పేది ఒడియాలో, రేషన్ కార్డు మీద పేరు ఒడియాలో. తెలుగు ఆమెకు అమ్మ నోటి నుంచి, నాయనమ్మ నోటి నుంచి వచ్చింది. పుస్తకం లేదు, పరీక్ష లేదు, ఉద్యోగం లేదు. అయినా తొంభై ఏళ్లుగా ఆ ఇళ్లల్లో తెలుగు నిలిచింది. ఆఫీసులో ‘మీరు తెలుగోళ్లు’ అనిపించుకుని, కోస్తా నుంచి చుట్టం వస్తే ‘మీదేం తెలుగు’ అనిపించుకునే మనుషులు వాళ్లు. ఇప్పుడు సాక్షాత్తూ ఒక తెలుగావిడ వచ్చి, ప్రేమగా కూర్చోబెట్టుకుని, అదే మాట అన్నట్టయింది.

మీకు ఒక సంగతి గుర్తుచేస్తాను. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. చుట్టూ కొండల్లో ఉండే సవరల భాషను ఆయన వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. ఆ భాషకు నిఘంటువు, వ్యాకరణం రాశారు. జనం నోట ఉన్న తెలుగే రాతలోకి రావాలని పోరాడిందీ ఆయనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మీరు ఉంటున్న ఊరికి ఆ పట్నం ఎంతో దూరం లేదు. మళ్లీ పిల్లలకు చెప్పాలని మీకుంటే, ముందు వాళ్ల మాటలు మీరు రాసుకోండి. పొలంలో, వంటింట్లో, ఏటి దగ్గర వాడే మాటలు ఆ పాపనే అడిగి నోటు పుస్తకంలోకి ఎక్కించండి. పుస్తకాల తెలుగు తర్వాత నేర్పవచ్చు. అక్షరాలు నేర్పడానికి ‘నాను’ అడ్డం రాదు.

ఇక దారి. మీ ఉత్తరంలో ఒక ముసలావిడ గేటు దగ్గర నిలబడి అన్న మాట రాశారు: ‘ఈ దారంటే మాయత్త ఏటికెల్లీది.’ అంత మాత్రం అని వెళ్లిపోయిందట. మీ భర్తకు అది దెప్పినట్టు వినిపించింది. నాకు అది సాక్ష్యంలా వినిపిస్తోంది. ఆవిడకు డెబ్బై అయిదు పైన ఉంటాయని రాశారు. ఆవిడ అత్త నడిచిందంటే ఆ దారి వయసు ఎంతో లెక్క వేసుకోండి.

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ భర్త కేసు అంటున్నారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒకరి భూమిలోంచి ఇంకొకరు 20 ఏళ్లపాటు బహిరంగంగా, హక్కుగా, ఎవరి అడ్డూ లేకుండా నడిస్తే ఆ దారి మీద వాళ్లకు హక్కు ఏర్పడుతుంది. స్థానిక ఆచారం వల్ల వచ్చే హక్కును కూడా ఆ చట్టం గుర్తిస్తుంది. భూమి చేతులు మారినంత మాత్రాన ఆ హక్కు పోదు. అమ్మినాయన మీకు దారి మాట చెప్పకపోవచ్చు. చెప్పకపోవడం ఆయన తప్పు. దానికి ఏటికి వెళ్లే ఆడవాళ్లు బాధ్యులు కారు.

ఇంకో సంగతి. మీ పట్టా ఒడియాలో ఉందని, మీరిద్దరూ ఇప్పటివరకు దాన్ని చదవలేదని, రాయించినవాళ్లు చెప్పిన మాట మీదే సంతకం పెట్టామని రాశారు. అది వెంటనే సరిదిద్దుకోవాల్సిన విషయం. ఒడియా చదవగలిగిన నమ్మకస్తుణ్ని కూర్చోబెట్టుకుని పట్టా అంతా మాట మాట చెప్పించుకోండి. ప్రతి ప్లాటుకు ఎదురుగా ‘కిసమ్’ అని ఒక గడి ఉంటుంది. ఆ భూమి ఏ రకమో అందులో రాసి ఉంటుంది. ఊరి నక్షా, అంటే భూముల పటం, కూడా తీసుకోండి. ఆ కాలిదారి నక్షాలో విడి ప్లాటుగా, రాస్తాగా ఉంటే అది అసలు మీరు కొన్న భూమే కాదు. దాని మీద కంచె వేస్తే ప్రభుత్వ భూమిని ఆక్రమించినట్టే అవుతుంది. ఒడిశాలో దానికి 1972 నాటి చట్టం ఒకటి వేరేగా ఉంది. అలా కాకుండా దారి మీ ప్లాటులోనే ఉంటే, అప్పుడు ఈజ్‌మెంటు, అంటే దారి హక్కు ప్రశ్న వస్తుంది. తహసీల్దారు దగ్గర కొలతకు దరఖాస్తు పెడితే అమీను, అంటే సర్వేయరు, వచ్చి హద్దులు చూపిస్తాడు. ఏ నిర్ణయం తీసుకునే ముందైనా ఈ పని చేయించండి. అలాగే మీకు అమ్మినాయనకు ఆ భూమి ఎవరి నుంచి వచ్చిందో కూడా చూడండి. ఒడిశాలో ఎస్సీ, ఎస్టీల భూమి బయటివాళ్లకు మారాలంటే 1960 నాటి భూసంస్కరణల చట్టం కింద అనుమతి కావాలి. షెడ్యూల్డ్ ఏరియాలోని ఎస్టీ భూమికి నిబంధనలు ఇంకా కఠినం. పత్రాలు సరిగానే ఉండవచ్చు. కానీ కోర్టు మెట్లెక్కితే అవతలి వకీలు మొదట చూసేది అదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఒకటే మేలు అని నేను తేల్చి చెప్పను. ఆ ఇంట్లో ఉండబోయేది మీరు.

కేసు పెట్టవచ్చు. కంచె తెంచడం నేరమే. కానీ రాత్రి పూట ఎవరు తెంచారో మీరు చూడలేదు. అనుమానం మీద పేర్లు ఇస్తే నలుగురు కుర్రాళ్లను స్టేషనుకు పిలుస్తారు. వాళ్ల తల్లులే మీ ఇంటి పక్కన ఉండేది. దారి మీద సివిల్ దావా వేస్తే, ఆ ముసలావిడ బోనెక్కి మీకు చెప్పిన మాటే చెబుతుంది. గెలుస్తారో లేదో నేను చెప్పలేను. తీర్పు వచ్చేదాకా అదే ఊళ్లో అదే గేటు వెనక ఉండాలి. ఊడ్పుల కాలంలో కూలీలు దొరకరు, అత్తగారికి రాత్రి ఒంట్లో బాగోకపోతే ఆటో కోసం ఎవరి తలుపు తట్టాలో తెలియదు. ఇవన్నీ ఆలోచించాక కూడా కేసే కావాలనిపిస్తే, పర్లాకిమిడిలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ముందు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని చట్టం ఉంది. దరఖాస్తు మీ పేరుతో పెట్టవచ్చు. దావా వేయకముందే రెండు వైపులా కూర్చోబెట్టి రాజీ కుదిర్చే ప్రయత్నం కూడా అక్కడ జరుగుతుంది.

అమ్మేసి వెళ్లిపోవచ్చు. అది ఓటమి అని నేను అనను. ఈ వయసులో రోజూ టెన్షన్‌తో బతకాల్సిన అవసరం ఎవరికీ లేదు. కానీ గొడవలో ఉన్న భూమికి ధర రాదు. కొనేవాడు ముందు ఊళ్లోనే వాకబు చేస్తాడు. వెళ్లాలని నిర్ణయించుకున్నా సరే, దారి సంగతి తేల్చి వెళ్లండి. లేకపోతే మీకు జరిగిందే మీ తర్వాత వచ్చేవాళ్లకూ జరుగుతుంది.

ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు. కాలమే సర్దుతుందని చాలామంది చెబుతారు. మీ విషయంలో నాకు ఆ నమ్మకం లేదు. కంచె ఉన్నంతకాలం ఆ ఆడవాళ్లు బిందె చంకన పెట్టుకుని రోజూ చుట్టూ తిరుగుతూ ఉంటారు. రోజుకు రెండుసార్లు గుర్తొచ్చే కోపం దానంతట అది చల్లారదు.

లేదా, దారిని మీరే తెరవవచ్చు. నా మనసు ఇటే మొగ్గుతోందని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కంచె తీసేయమని నేను అనడం లేదు. మొక్కలకు కాపలా కావాలి, అది న్యాయమే. అపరాలు తీసేశాక వేసవిలో పశువులను పొలాల్లోకి వదిలేయడం ఆ ప్రాంతంలో తరతరాల అలవాటు. వరి, మినుము మాత్రమే వేసే నేలల్లో దానివల్ల నష్టం లేదు, పేడ పడుతుంది. తోట వేసేవాళ్లకు మాత్రం అది కష్టం. ఆ మాట ఊళ్లో జీడితోటలున్న వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లకే తెలుసు. కాబట్టి కంచెను దారికి అవతల నుంచి దారికి ఇవతలికి జరపండి. మనుషులిద్దరు ఎదురుపడినా, నెత్తిన గడ్డిమోపు ఉన్నా ఇబ్బంది లేకుండా ఆరేడు అడుగుల వెడల్పు వదలండి. అమీను కొలిచిన గీతను బట్టి అది మారవచ్చు. మొత్తం కలిపితే మీకు పోయేది కొద్ది సెంట్లు. స్తంభాలు మార్చే ఖర్చు ఉంటుంది, దాచి చెప్పను.

దీనికీ పర్యవసానాలున్నాయి. ‘కంచె తెంచితే గానీ దారి ఇవ్వలేదు, భయపడ్డారు’ అనేవాళ్లు ఉంటారు. మీ భర్తకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. రేపు ఇంకొకరు ఇంకో కోరికతో రావచ్చు. అందుకని నోటిమాటతో వదిలేయకండి. ఒడిశాలో ఊరి స్థాయిలో పల్లీసభ ఉంటుంది. ఆ ఊరి ఓటర్లందరూ అందులో సభ్యులు. మీ ఓట్లు ఇంకా విజయవాడలోనే ఉన్నాయా? మూడేళ్లయినా మార్చుకోకపోతే, ఊరు మిమ్మల్ని కలుపుకోలేదని మీరు అంటున్నట్టే, మీరు కూడా ఇంకా పూర్తిగా రాలేదని వాళ్లు అనుకోవచ్చు. ఓటు మార్చుకోండి. వార్డు మెంబరును, సర్పంచిని కలిసి, దారి ఎంత వెడల్పు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, మీ తోట హద్దు ఏది అన్నది పెద్దల సమక్షంలో కాగితం మీద రాయించుకోండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి పంచాయతీలో ఉంచండి. దారి ఊరికి దక్కుతుంది, కంచె మీకు దక్కుతుంది. ఆ తర్వాత ఎవరైనా కంచె మీద చెయ్యి వేస్తే అది ఊరి మాటను దాటినట్టు అవుతుంది.

మా అత్తవారి పెరట్లోంచి చెరువుకు ఇలాగే ఒక సందు ఉంది. మా మరిది గోడ కట్టించేటప్పుడు దాన్ని మూసేద్దామంటే మా మామగారు ఒప్పుకోలేదు. అక్కడ తలుపు పెట్టించారు, పగలంతా గడియ వేయనివ్వలేదు. కొత్తలో నాకూ చిరాకుగానే ఉండేది. మన పెరట్లోంచి ఊరంతా నడవడం ఏమిటి, బట్టలారేసుకుంటుంటే పలకరింపులేమిటి అనుకునేదాన్ని. మోటారు వేసి మరిచిపోతే ఆ దారిన పోయే ఆవిడే ‘ఓలమ్మ, నీల్లు పొర్లిపోతన్నాయి’ అని కేకేసేది. నేను ఆ ఊళ్లో నేర్చుకున్న మొదటి పేర్లన్నీ ఆ సందులోంచి వచ్చినవే.

ఇప్పుడు మైకు. మీ ఉత్తరంలో ఆరో పేజీలో, ఒక మూల, అత్తగారికి గుండె జబ్బు ఉందని, ఆ రాత్రి ఆయాసంతో కూర్చునే ఉన్నారని, ఆవిడ అవస్థ చూడలేకే ఆయన ఫోన్ చేశారని రాశారు. ఈ సంగతి ఊళ్లో ఎవరికైనా తెలుసా అమ్మా? నాకు తెలియదనే అనిపిస్తోంది. వాళ్లకు తెలిసింది ఒకటే. అమ్మవారి సంబరం నాడు, ఘటాలు ఎత్తిన రాత్రి, కొత్తగా వచ్చినవాళ్లు పోలీసుల్ని రప్పించారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు వాడకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఒంటిగంట దాటాక మైకు మోగడం ఎలా చూసినా నిబంధనకు విరుద్ధమే. మీ ఆయన చేసింది చట్టరీత్యా తప్పు కాదు. కానీ ఆయన ఫోన్ చేయడానికి బదులు చొక్కా వేసుకుని అక్కడికి నడిచి వెళ్లి, ‘మా అమ్మకు ఆయాసంగా ఉంది బాబూ, ఆ బాక్సు ఇటు కాకుండా అటు తిప్పండి’ అని ఉంటే ఏం జరిగేది? తిట్టి పంపేవారా? నేను పెరిగిన ఊళ్లలో పెద్దావిడకు బాగోలేదంటే మైకు ఆపడంతో సరిపెట్టరు. ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చి చూసి వెళ్తారు. వెళ్లినా వినకపోతే అప్పుడు ఫోన్ చేయడానికి ఆయనకు పూర్తి హక్కు ఉండేది, ఊళ్లో సగం మంది ఆయన వైపే మాట్లాడేవారు.

ఆయనను నేను తప్పుపట్టడం లేదని ఆయనకు చెప్పండి. అపార్ట్‌మెంటులో ముప్పై ఏళ్లు బతికితే పక్కింటి గొడవ కూడా సెక్యూరిటీకి ఫోన్ చేసే చెప్పడం అలవాటవుతుంది. అక్కడ అది మర్యాద. ఇక్కడ మనిషి దగ్గరకు మనిషి వెళ్లకుండా పోలీసును పంపడం అవమానం. ఆయన పద్ధతి మారాలంటే ముందు ఆయనకు ఈ తేడా తెలియాలి. ‘నువ్వు కూడా వాళ్ల పక్షమేనా’ అని ఆయన మిమ్మల్ని అన్నారని రాశారు. ఆ రాత్రి తల్లి పక్కన ఆయన ఒక్కడే కూర్చున్నాడు. ముందు ఆ భయాన్ని మాట్లాడనివ్వండి. తర్వాత కంచె సంగతి ఎత్తండి. ఆయనకు మనసు ఒప్పకుండా మీరొక్కరే వెళ్లి దారి ఇచ్చేసి వస్తే ఊళ్లో గొడవ ఇంట్లోకి వస్తుంది.

కూలీల గురించి ఒక మాట. వాళ్లు రాకపోవడం వెనక కట్టుబాటు ఉందో లేదో మీకు తెలియదు. ఎవరికి వాళ్లే జంకి ఉండవచ్చు. పక్క ఊరి నుంచి ఆటోలో మనుషుల్ని రప్పించుకుందామని రాశారు. ఈ నెల మాత్రం ఆ పని చేయకండి. ఊరి కూలిని బయటి ఊరికి ఇచ్చారన్న మాట వచ్చిందంటే దాన్ని తుడవడం చాలా కష్టం. కలుపు పెరిగినా నెల రోజులు ఓర్చుకోండి.

మీరు అడగని ఇంకో ప్రశ్నకు కూడా జవాబు చెబుతాను. ఎంతవరకు వంగాలి? దారి ఇవ్వండి, మాట నేర్చుకోండి, ముందుగా వెళ్లి పలకరించండి. వీటిలో చిన్నతనం లేదు. కానీ మీ గౌరవానికి భంగం కలిగే మాట ఎవరైనా అంటే పడనక్కర్లేదు. ఇంటి మీదకు వస్తే, బెదిరిస్తే, అత్తగారికి మందులు తెచ్చే దారి ఆపితే అప్పుడు పోలీసు స్టేషనుకు వెళ్లడానికి వెనకాడకండి. పాతకాపులకు ఉన్న హక్కులే మీకూ ఉన్నాయి. ఊరు పాతదైనంత మాత్రాన వాళ్లు చేసే ప్రతి పనీ న్యాయం అయిపోదు.

వచ్చే ఏడాది సంబరానికి వాళ్లు అడిగే దాకా ఆగకండి. కమిటీలో ఉన్న పెద్దాయన ఇంటికి వెళ్లి, ఇంటికి ఎంత వేసుకుంటున్నారో అడగండి. అందరూ ఇచ్చేదెంతో అంతే ఇవ్వండి. ఎక్కువ ఇవ్వాలని మీకు అనిపిస్తుంది, ఇవ్వగలరు కూడా. ఇవ్వకండి. అందరూ ఐదొందలు ఇచ్చిన చోట పదివేలు ఇచ్చినవాడు మళ్లీ విడిగా నిలబడిపోతాడు. అదే కూర్చున్నప్పుడు అత్తగారి సంగతి, మైకు సంగతి చెప్పండి. అర్ధరాత్రి తర్వాత ఆపడం, బాక్సులు అటు తిప్పడం పండక్కి ముందే మాట్లాడుకుంటే కుదిరే విషయాలు.

అన్నిటికన్నా ముందు, ఈ వారంలోనే, ఆ ముసలావిడ ఇంటికి వెళ్లండి. పట్టాలు, నక్షాలు తీసుకెళ్లకండి. ఆ దారంట వాళ్ల అత్తగారు ఏటికి ఎలా వెళ్లేదో, అప్పుడు ఏరు ఎక్కడిదాకా ఉండేదో అడిగి వినండి. మీ అత్తగారికి ఆ పూట ఓపిక ఉంటే ఆవిడను కూడా తీసుకెళ్లండి. ఇద్దరిదీ దగ్గర దగ్గర ఒకటే ఈడు. మూడేళ్లుగా ఒక ఊళ్లో ఉంటూ వాళ్లిద్దరూ ఇంతవరకు ఒకరినొకరు చూసుకోలేదు.